టెండర్ ముసుగులో దోపిడీ

నకిలీ విత్తనాలు, కల్తీ పురుగుమందులు, తూకంలో కోతలు రైతాంగానికి పాత బాధలే. ఇప్పుడు ప్రభుత్వ ముద్ర చూపించి దోచుకునే ముఠాలు తయారయ్యాయి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, ఊళ్లో చిన్న పప్పు మిల్లో నూనె మిల్లో నడుపుకుంటున్న కుటుంబాలు కూడా వీటి గురిలో ఉన్నాయి.

మోసం నడిచే తీరు ఇలా ఉంటుంది. ‘హాస్టళ్లకు కందిపప్పు సరఫరా చేయడానికి మీ సంఘం ఎంపికైంది. రెండు రోజుల్లో ధరావతు కట్టకపోతే ఆర్డర్ రద్దవుతుంది’ అంటూ వాట్సాప్‌లో ఉత్తరం వస్తుంది. పైన మూడు సింహాల గుర్తు, కింద గుండ్రటి ముద్ర, అధికారి సంతకం ఉంటాయి. ఆ వెంటనే ఫోన్ వస్తుంది. సొమ్ము కట్టాక రవాణా బీమా అని, జీఎస్టీ అని మళ్లీ మళ్లీ గుంజుతారు.

మన సంఘాలపై వీళ్ల కన్ను పడటానికి కారణం ఉంది. 10,000 ఉత్పత్తిదారుల సంఘాల ఏర్పాటు పథకాన్ని కేంద్రం 2020లో మొదలుపెట్టింది. ఒక్కో సంఘానికి మూడేళ్లలో నిర్వహణకు 18 లక్షల రూపాయల వరకు, వాటాధనానికి తోడుగా 15 లక్షల వరకు ఇస్తామని చెప్పింది. కంపెనీగా నమోదైన సంఘం పేరు, చిరునామా, డైరెక్టర్ల వివరాలు ఎవరైనా చూడగలరు. ఇక గిట్టుబాటు ధరకు కొనేవాడు దొరక్క గోదాములో సరుకు మూలుగుతుంటే సర్కారు ఆర్డర్ అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది.

‘ముందుగా డబ్బు అడిగితే మోసమే’ అనే సలహా ఇక్కడ పనికిరాదు. అసలు టెండర్లలోనూ ధరావతు ఉంటుంది. కేంద్ర ఆర్థిక నిబంధనల ప్రకారం అది అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. అందుకే మనం చూడాల్సింది పని జరిగే వరుసను. మొదట బహిరంగ ప్రకటన వస్తుంది. తర్వాత మనమే పోర్టల్‌లో నమోదై ధర కోట్ చేస్తాం. బిడ్లు తెరిచాకే ఆర్డర్ ఎవరికో తేలుతుంది. దొంగ టెండర్ ఈ చివరి మెట్టు నుంచే మొదలవుతుంది. మనం వేయని టెండర్ మనకెలా దక్కుతుంది?

రెండోది, సొమ్ము ఎక్కడికి పోతోందో చూడాలి. ధరావతు పోర్టల్ ద్వారానో, శాఖ పేరిట డీడీ లేదా బ్యాంకు గ్యారంటీగానో చెల్లిస్తారు. వ్యక్తి పేరున్న ఖాతాకో, ఫోన్‌పే నంబరుకో వేయమంటే అక్కడే ఆగిపోవాలి. మూడోది, వెబ్‌సైట్ చిరునామా చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ లేదా ‘డాట్ నిక్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడాలి. ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాకుండా, సంబంధిత కార్యాలయానికే వెళ్లి అడగాలి. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ ‘జెమ్’లో అమ్మకందారుగా నమోదు ఉచితం. ఉద్యమ్ నమోదు కూడా ఉచితమే. ఉద్యమ్ నమోదుతో సరుకు తయారుచేసే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కేంద్ర శాఖల టెండర్లలో ధరావతు మినహాయింపు ఉంది. ఇది తెలియనివాడి దగ్గరే ముఠాలు ఫీజు వసూలు చేస్తాయి.

సౌర పంపుల విషయంలోనూ ఇదే జరిగింది. పీఎం కుసుమ్ పథకం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చి, రైతుల నుంచి నమోదు రుసుము వసూలు చేశాయి. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ పలుమార్లు హెచ్చరికలు జారీ చేయాల్సి వచ్చింది. ఆ హెచ్చరికలు ఎన్ని ఊళ్లకు చేరాయి?

మోసపోయినవాణ్ణి ‘అత్యాశ’ అని నిందించడం మనకు తగదు. పైసలు ఇవ్వనిదే ఫైలు కదలదన్న అనుభవాన్ని రైతుకు నేర్పింది ప్రభుత్వ కార్యాలయాలే. ‘ఫైలు ఖర్చు’ అని అడిగితే అనుమానం రాకపోవడానికి కారణం అదే. టెండర్ నిబంధనలు చాలావరకు ఇంగ్లిషులో పదుల పేజీలు ఉంటాయి. ఈ చీకటే దళారులకూ, ముఠాలకూ పెట్టుబడి.

కాబట్టి జాగ్రత్త భారమంతా రైతు మీదే వేస్తే సరిపోదు. వ్యవసాయ ఉత్పత్తుల కొనుగోలు టెండర్ల సారాంశం తెలుగులో ఇవ్వాలి. తెలంగాణలో రైతు వేదికల వద్ద, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి రైతు కేంద్రాల వద్ద వాటిని ప్రదర్శించాలి. వచ్చిన ఉత్తరం అసలుదో కాదో ఒక్కరోజులో తేల్చి చెప్పే అధికారి ప్రతి జిల్లాలో ఉండాలి. మన మండల కమిటీలు ఈ డిమాండ్లతో వినతిపత్రాలు ఇవ్వాలి.

ఈలోగా ప్రతి సంఘం ఒక తీర్మానం చేసుకోవాలి. ఎంత తొందరపెట్టినా, ఇద్దరు డైరెక్టర్లు కార్యాలయంలో విచారించి వచ్చేదాకా ఒక్క రూపాయి కదపకూడదు. ఇప్పటికే సొమ్ము పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. ఆ సంగతి పక్క ఊరి సంఘానికీ చెప్పండి. ఒకరు నోరు విప్పితే పదిమంది సొమ్ము నిలుస్తుంది.