వెలుగును నిలిపే విద్య

దూరదేశంలోని ఒక పేద పల్లెకు ఇంజనీరు ఒకడు స్వచ్ఛందంగా వెళ్తాడు. సూర్యరశ్మితో వెలిగే దీపాలను అమర్చి, ఊరివారి దీవెనలు అందుకొని తిరిగి వస్తాడు. ఆరు నెలలకు ఒక తీగ ఊడుతుంది, దీపం ఆరిపోతుంది. దాన్ని బాగుచేసే విద్య ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ సాయం నిలిచినట్లా?

దీనికి జవాబు దూరాన వెతకనక్కరలేదు. బాగేపల్లి కూలీ సంఘం కుటుంబాలకు 5,500 గోబర్ గ్యాస్ యూనిట్లు కట్టించే పథకం 2005లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు క్రింద నమోదయింది. కట్టెల వాడకం తగ్గి, గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు తగ్గినందుకు విదేశాల నుండి వచ్చిన సొమ్మే దీనికి ఆధారమయింది. సొమ్ము బయటిదే. కాని రోజూ పేడా నీళ్లూ సమంగా కలిపి తొట్టిలో పోయవలసింది ఇంటివారే. గొట్టంలో నీరు చేరితే తీయడం వారికి తెలియకపోతే పొయ్యి మండదు.

చదువురాని వారికి యంత్రవిద్య నేర్పడం వృథా ప్రయాస అని కొందరంటారు. రాజస్థాన్‌లోని తిలోనియా గ్రామంలో 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాల ఈ మాటను తప్పని నిరూపించింది. ఆఫ్రికా పల్లెల నుండి వచ్చిన స్త్రీలు అక్కడ ఆరు నెలలు ఉండి సౌరదీపాల పని నేర్చుకున్నారు. వారిలో చాలామందికి చదవడం, రాయడం రాదు. గురువుల భాషా వారికి తెలియదు. రంగులే అక్షరాలయ్యాయి, సైగలే పాఠాలయ్యాయి. స్వగ్రామాలకు వెళ్లి వారే దీపాలు అమర్చారు. వారే మరమ్మతులు చేశారు.

అన్ని పనులూ అందరికీ నేర్పలేము, నిజమే. 1908లో మూసీ వరద వచ్చిన తరువాత హైదరాబాదు రక్షణకు జలాశయాల పథకం రూపొందించడానికి ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి వంటి నిపుణుడే కావలసి వచ్చింది. కాని దీపం, పొయ్యి, చేతిపంపు వంటివి రోజూ వాడుకొనే వారి చేతిలోనే బాగుపడాలి.

చిక్కబళ్ళాపుర, చింతామణి, బాగేపల్లి బడులలో చదివే పిల్లల్లో కొందరు రేపు ఇంజనీర్లై పరదేశాలకు వెళ్లవచ్చు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడుతూ పెరిగిన వారికి, ఎదుటివారి మాటలో విషయం చెప్పడం చిన్ననాటి అలవాటే. పనిముట్ల పెట్టెతో పాటు ఆ అలవాటునూ వెంట తీసుకువెళ్లాలి. వారు తిరిగివచ్చిన పదేళ్లకు కూడా ఆ పల్లెలో దీపం వెలుగుతూ ఉంటే, అదే వారు చేసిన అసలైన సాయం.