కాడి మీద బరువు

ఇండియా ప్రయాణానికి ముందు సూట్‌కేసు తూచని తెలుగిల్లు ఉందంటే నేను నమ్మను. 50 పౌండ్లకు ఒక్క పౌండు ఎక్కువైనా జిప్పు తీసి, చాక్లెట్ల పొట్లం ఇందులోంచి అందులోకి మారుస్తాం. అంత లెక్క తెలిసిన మనం, కారు వెనక పడవ కట్టుకుని సరస్సుకి బయల్దేరేటప్పుడు మాత్రం "అవన్నీ ఆయన చూసుకుంటారులే" అని పులిహోర డబ్బాలు సర్దుకుంటూ కూర్చుంటాం. పోయిన వేసవి దాకా నేనూ అంతే.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన. లూయిస్‌విల్ సరస్సు దగ్గరే. పిల్లల స్నేహితుల ఇళ్ళలో ఒక్కొక్కరే పడవలు కొంటుంటే మా ఇంట్లోనూ పోరు మొదలైంది. మా ఆయన 19 అడుగుల వాడిన పడవ ఒకటి చూసొచ్చారు. "మనలాంటి మూడు వరుసల కారు 5,000 పౌండ్లు లాగుతుందట. పడవేమో 2,450. సగం కూడా లేదు" అన్నారు. అమ్మేవాళ్ళు చెప్పిన మాట అది.

ఎందుకో కారు మాన్యువల్ తీశాను. అందులో మా బండికి రాసినది 3,500. ఒకే పేరున్న కారుకి రెండు అంకెలుండటం మామూలేనని అప్పుడే తెలిసింది. హోండా పైలట్‌లో నాలుగు చక్రాలూ తిరిగేదైతే 5,000, ముందు చక్రాలు మాత్రమే తిరిగేదైతే 3,500. టయోటా హైలాండర్‌లో పెట్రోలుదైతే 5,000, హైబ్రిడ్ అయితే 3,500. ప్రకటనల్లో కనపడేది పెద్ద అంకే. మన ఇంటి ముందున్నది ఏదో మనమే చూసుకోవాలి.

ఇక ఆ 2,450 ఉందే, అది ఉత్త పడవ బరువు. వెనక బిగించే ఇంజను ఇంకో 350. ట్రైలర్ 800. పెట్రోలు గాలనుకి ఆరు పౌండ్ల చొప్పున 30 గాలన్లకు 180. బ్యాటరీ, లంగరు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె కలిపి 200 అనుకోండి. కూడితే దాదాపు 4,000! కాగితం మీద వేసి చూపిస్తే మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు 16 అడుగుల అల్యూమినియం పడవ వెతకడం మొదలుపెట్టారు. ట్రైలర్, ఇంజను, సామాను అన్నీ కలిపి 2,000 పౌండ్లు.

అంతటితో లెక్క అయిపోలేదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని ఉంటుంది. మాకు 1,340. ట్రైలర్ ముందు భాగం కారు కొక్కెం మీద మోపే బరువు కూడా ఇందులోంచే పోతుంది. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఆర్నెల్లకు వచ్చిన అత్తయ్య, మామయ్యగారు కలిసి 780. కొక్కెం మీద 200. కొక్కెం బిగించిన ఇనుము, కుర్చీలు, వంటలు, నీళ్ళ సీసాలు కలిపి ఇంకో 250. ఇంకొక్కరు ఎక్కితే కష్టమే. మనిషికింత అని లాగే బరువు తగ్గించి చూపే పట్టిక కొన్ని కార్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. 5,000 అని చెప్పేటప్పుడు వెనక సీటులో అత్తగారున్నారో లేదో ఎవరూ అడగరు కదా!

ట్రైలర్ బ్రేకుల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. టెక్సస్ చట్టం 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కే బ్రేకులు అడుగుతుంది. కారు మాన్యువల్ చాలాసార్లు అంతకన్నా తక్కువ బరువుకే అడుగుతుంది. నేను మాన్యువల్ మాటే వింటాను.

ఇంత చేసీ, మొదటి రోజే భయపడ్డాం. 35ఈ మీద, సరస్సు వంతెనకి కొంచెం ముందు, పెద్ద ట్రక్కు ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. అంతే, వెనక ట్రైలర్ తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగడం మొదలైంది. కారు కూడా దాంతో ఊగింది. అదృష్టం కొద్దీ మా ఆయన బ్రేకు తొక్కలేదు. కాలు గ్యాస్ మీంచి తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఉండిపోయారు. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. గట్టిగా బ్రేకు వేసినా, ఊపుకి ఎదురు తిప్పినా ట్రైలర్ అడ్డం తిరిగేదే. పిల్లలు "మళ్ళీ, మళ్ళీ" అని అరుస్తున్నారు. నా చేతులు వణుకుతున్నాయి.

తర్వాతి ఎగ్జిట్ తీసుకుని ఆపాం. మామయ్యగారు దిగి, పడవ చుట్టూ ఓసారి తిరిగి, "బరువంతా వెనకేశారమ్మా. ఎడ్లబండికి వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల మెడలు పట్టేస్తాయి. బండి మాట వినదు" అన్నారు. ఆయన చిన్నప్పుడు తణుకు దగ్గర ధాన్యం బస్తాలు తోలినవారు. నిజమే, ఐసు పెట్టె, లంగరు, బ్యాటరీ అన్నీ వెనకే ఉన్నాయి. తీయడానికి వీలని నేనే పెట్టించాను.

మోయగలిగినంత ముందుకి జరిపి, నెమ్మదిగా ఇంటికి తిరిగొచ్చేశాం. ఆ సాయంత్రం సూట్‌కేసులు తూచే బాత్రూమ్ మిషన్ బయటికొచ్చింది. చదునైన నేల మీద, ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టి, కారుకి తగిలించే ఎత్తులోనే ఉండేలా దిమ్మ పేర్చి, ట్రైలర్ మూతిని మిషన్ మీద దించాం. సామాను మళ్ళీ పొద్దుటిలాగే వెనక పెట్టి చూస్తే 90. మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ముందు పడాలి, అంటే మాకు 200 నుంచి 300. పెట్టె, బ్యాటరీ ముందుకి తెచ్చాక 210 చూపించింది. పెద్ద పడవలకు ఈ మిషన్ సరిపోదు, వాటికి వేరే త్రాసులు దొరుకుతాయి.

రెండోసారి ఊపు లేదు. కానీ ర్యాంపు దగ్గర పడవని ట్రైలర్ మీదికి లాగే చక్రం పిడి జారి మా ఆయన మణికట్టుకి తగిలింది. వాచిపోయింది. చీకటి పడుతోంది, వెనక ఆరు బళ్ళు ఆగి ఉన్నాయి, నాకేమో ట్రైలర్‌తో వెనక్కి వెళ్ళడం రాదు. వరసలో ఉన్న ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి, తాళాలు అడిగి తీసుకుని ఒక్క ప్రయత్నంలో దించేసింది. కృతజ్ఞతతో పాటు సిగ్గూ వేసింది.

ఆ మరుసటి ఆదివారం నుంచి ఖాళీ బడి పార్కింగ్‌లో నేర్చుకున్నాను. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. నిమ్మళంగా, కొంచెం కొంచెంగా. వంకర ఎక్కువైతే ముందుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టండి, ఎవరేమనుకున్నా సరే. నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. ర్యాంపు మీద వెనక్కి వెళ్ళేటప్పుడు పిల్లల్నీ పెద్దవాళ్ళనీ దింపేస్తాను, కిటికీలు దించుతాను. కారు నీళ్ళలోకి జారితే లోపల ఎవరూ ఉండకూడదు. దించేముందు పడవ అడుగు బిరడా పెట్టామా లేదా అని మామయ్యగారు మూడుసార్లు అడుగుతారు. తిరిగొచ్చేటప్పుడు అదే బిరడా తీసి నీళ్ళన్నీ వదిలేయాలి. జీబ్రా నత్తగుల్లలు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి చేరకుండా ఇక్కడ చట్టమే ఉంది.

అత్తయ్యావాళ్ళ తిరుగు ప్రయాణం వచ్చే నెలలో. నిన్న సూట్‌కేసులు తూద్దామని ఆవిడ మిషన్ కోసం ఇల్లంతా వెతికారు. గరాజ్‌లో, దిమ్మ పక్కన, గ్రీజు మరకలతో దొరికింది. "దీని మీద నా పట్టుచీరల పెట్టె పెట్టను గాక పెట్టను" అన్నారు. కొత్తది ఆర్డరు చేశాను.