తాతల కాగితాలు చదివేవారేరీ?

మా దగ్గర చదువుకున్న ఒక యువకుడు ఆ మధ్య వచ్చి, "మౌల్వీ సాబ్, మా ముత్తాత జాగీర్దారట. ఇంట్లో అందరూ అంటారు. రుజువు దొరుకుతుందేమో చూద్దాం రండి" అన్నాడు. సరేనని ఇద్దరం హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్ళాము.

షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి ఫార్సీ పత్రాలు మొదలుకొని నిజాం సర్కారు దఫ్తర్ల వరకు అక్కడ ఉన్నాయి. ఊరు, తాలూకా, సుమారు సంవత్సరం చెప్పగలిగితేనే వెతుకులాట సాగుతుంది. "మా దాదా కాలంలో" అంటే ఏ కట్ట విప్పాలో ఎవరికి తెలుస్తుంది?

రెండో రోజు మధ్యాహ్నం ఊరి పేరు దొరికింది. ముత్తాత పేరూ దొరికింది. జాగీరు మాత్రం లేదు! మసీదు ఊడ్చి, దీపం పెట్టి, అజాన్ ఇచ్చే ఖిద్మత్‌కు కొద్దిపాటి ఇనాం భూమి, అంతే. కుర్రవాడి ముఖం వాడిపోయింది. మాకు మాత్రం సంతోషమే కలిగింది. మనలో ఒక జబ్బు ఉంది సోదరులారా. వంశం అనగానే అది అరబ్బు దేశం నుంచో, నవాబుగారి దర్బారు నుంచో దిగి రావాలి. దూది ఏకినవారు, బట్ట నేసినవారు, పొలం దున్నినవారు మన ముత్తాతలు కాకూడదా?

అయితే ఆ కాగితంలో అంతకన్నా పెద్ద సంగతే ఉంది. ఆ భూమి మనిషికి కాదు, మసీదు సేవకు ఇచ్చినది. రేపు తగాదా వస్తే పనికివచ్చేది ఇంట్లో చెప్పుకునే జాగీరు కథ కాదు. విచారణ జరిపి నాటి సర్కారు ఇచ్చిన ముంతఖబ్ వంటి పత్రాలే. అందులోని మాట కొన్ని కుటుంబాలకు రుచించకపోవచ్చు. అయినా చదవాలి.

చదివేదెవరు? అదీ మా బాధ. హైదరాబాదు రాజ్యంలో 1880ల దాకా దఫ్తరు భాష ఫార్సీ, తర్వాత ఉర్దూ. రాసింది షికస్తా, అంటే గొలుసుకట్టు. చుక్కలు సగం ఉండవు. మదరసాలో ఏళ్ళ తరబడి చదివిన మేమే ఒక్కో పంక్తి దగ్గర కళ్ళద్దాలు తుడుచుకున్నాము. తేదీల చిక్కు వేరే. కాగితం మీద 1320 అని ఉంటే హిజ్రీ ప్రకారం అది 1902-03, ఫస్లీ ప్రకారం 1910-11. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కోస్తా, రాయలసీమల వారికి దారి వేరు. అక్కడ మద్రాసు ప్రభుత్వం 1858లో వేసిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. అవి చదవడం తేలిక.

పిల్లలు తెలుగు మీడియంలో చదవడం తప్పని మేము అనడం లేదు. మేమూ తెలుగులోనే రాస్తున్నాము గదా. దాదీ సందూకులోని కాగితాలను "ఉర్దూవి, ఎవరికి కావాలి" అని పాత సామాన్లవాడికి తూకం వేయడమే తప్పు. అప్పు తీసుకుంటే రాసుకోమని ఖుర్ఆన్ బఖరా సూరాలో ఎంతో వివరంగా ఆదేశించింది. రాసినదాన్ని చదవకుండా పారేస్తే ఆ రాత ఎందుకు? చదవగలిగిన పెద్దలు ఊరికి ఒకరిద్దరు మిగిలారు. మసీదు కమిటీలు వారిని కూర్చోబెట్టి ప్రతి కాగితం సారాంశం తెలుగులో రాయించాలి. సున్నాలు, రంగుల చందా కన్నా ఇది ముందు జరగాలి.

ఆ యువకుడు ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి వస్తున్నాడు. మొన్న ముత్తాత సంతకం తనే చదివాడు. జాగీరు ఊసు మళ్ళీ ఎత్తలేదు.