ఓడ దిగిన పూటే విమానం ఎక్కకండి

యలహంకలో ఈ మధ్య నలుగురు కలిస్తే క్రూజ్ మాటే. న్యూటౌన్‌లో పొద్దుటి నడకకు వచ్చేవాళ్లు, రైల్ వీల్ ఫ్యాక్టరీలో రిటైరైనవాళ్లు, జక్కూరు అపార్ట్‌మెంట్లలో ఉండే ఐటీ దంపతులు, అందరిదీ అదే ధ్యాస. ముంబైలో ఎక్కి గోవా, లక్షద్వీప్ చూసి రావాలి. లేదా సింగపూర్ వెళ్లి మూడు నాలుగు రాత్రులు సముద్రం మీద గడపాలి. హిందూపురం నుంచో అనంతపురం నుంచో అమ్మానాన్నలను పిలిపించుకుని మరీ బయల్దేరుతున్నారు. చాలా సంతోషం. వెళ్లండి, చూడండి. ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి. తిరుగు టికెట్ తీసి తారీఖు, టైము చూడండి. ఓడ రేవు చేరేదీ, మీ విమానం లేచేదీ ఒకే రోజా? అదీ మధ్యాహ్నం లోపలేనా? అయితే దయచేసి ఇది చివరిదాకా చదవండి.

ఓడ ఎక్కడానికి వెళ్లేటప్పుడు మనవాళ్లు జాగ్రత్తగానే ఉంటారు. ఓడ వెళ్లిపోతుందన్న భయంతో చాలామంది ముందురోజే ఆ ఊరు చేరుకుంటారు. ఏమరుపాటంతా దిగేటప్పుడే. ‘ఏడింటికి ఓడ వస్తుంది, పదకొండింటికి విమానం, నాలుగు గంటలు చాలవా?’ అంటారు. యలహంక వాళ్లకు ఈ ధీమా మరికాస్త ఎక్కువ. 2008 మేలో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచినప్పటి నుంచీ అది మన వీధి చివరే ఉన్నట్టు లెక్క. జయనగర్ వాళ్లు ట్రాఫిక్‌కు భయపడి చీకటితో బయల్దేరుతుంటే, మనం తీరిగ్గా కాఫీ తాగి, బళ్లారి రోడ్డెక్కి, అరగంటలో టెర్మినల్ ముందు దిగుతాం. ఆ అలవాటు ఇక్కడ చెల్లుతుంది. రేవులో చెల్లదు.

ఒకసారి వెనక నుంచి లెక్కేసి చూడండి. పదకొండు గంటల విమానం. దేశం లోపలి ప్రయాణమైనా బ్యాగులు తీసుకునే కౌంటర్ గంట ముందే, అంటే పదికే మూసేస్తారు. క్యూకు అరగంట వేసుకోండి. తొమ్మిదిన్నరకల్లా విమానాశ్రయం గుమ్మంలో ఉండాలి. ముంబైలో క్రూజ్ ఓడలు ఆగే బల్లార్డ్ పియర్ నగరానికి దక్షిణపు కొసన ఉంది. పాత విమానాశ్రయం అంధేరి వైపు. ఆఫీసుల వేళ ఆ దారికి గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే ఎనిమిదికే పెట్టెలతో సహా ట్యాక్సీలో కూర్చోవాలి. ఏడింటికి వచ్చిన ఓడ నుంచి ఎనిమిదికి ట్యాక్సీలోకి! జరిగే పని కాదు.

ఎందుకంటే ఓడ ఏడింటికి వస్తుందంటే మీరు ఏడింటికి దిగుతారని కాదు. రేవు పైలట్ ఎక్కాలి, టగ్గులు పట్టాలి, తాళ్లు కట్టాలి, నిచ్చెన వేయాలి. అధికారులు ఓడకు క్లియరెన్స్ ఇచ్చేదాకా ఒక్కరినీ కిందికి వదలరు. ఇచ్చాక కూడా అందర్నీ ఒకేసారి పంపరు. లగేజీ ట్యాగు రంగును బట్టో, నంబరును బట్టో గుంపులుగా పిలుస్తారు. రెండు వేల మంది ఉన్న ఓడలో మీ నంబరు చివర్లో పడితే? లిఫ్టుల దగ్గర జనం. ఓడ ఖాతాలో బిల్లు కట్టడం మిగిలిపోతే గేటు దగ్గర ఆపేస్తారు. టెర్మినల్ హాల్లోకి వస్తే వందల సూట్‌కేసులు వరసగా నిలబడి ఉంటాయి, ఎక్కువ భాగం నల్లవే. మీదేదో వెతుక్కోవాలి. ఇదంతా అన్నీ సవ్యంగా జరిగిన రోజు లెక్క.

సవ్యంగా జరగని రోజులూ ఉన్నాయి. 2022 జనవరి మొదటివారంలో ముంబై నుంచి గోవా వెళ్లిన కార్డీలియా ఓడలో కోవిడ్ కేసులు బయటపడ్డాయి. మర్ముగోవా రేవులో రెండు వేల మందికి పరీక్షలు చేశారు. చివరికి ఓడ ముంబైకే తిరిగి వెళ్లింది. గోవాలో దిగి ఇంటికి విమానం ఎక్కుదామనుకున్నవాళ్ల టికెట్లు ఏమై ఉంటాయో మీరే ఊహించండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు హ్యూస్టన్ పక్కనున్న గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కే మన పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు. చలికాలంలో అక్కడ పొగమంచు పట్టిందంటే ఓడల రాకపోకలు ఆపేస్తారు. తీరం కళ్లెదుటే ఉన్నా గంటల తరబడి సముద్రంలోనే. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు ఆ రేవుకు రావలసిన ఓడలు రాలేకపోయాయి. కొన్ని న్యూ ఆర్లీన్స్‌కు వెళ్లి ఆగాయి.

ఓడ సరిగ్గానే వచ్చినా విమానం మొండికేయొచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రోజు చెన్నై విమానాశ్రయాన్ని వర్షం ముంచింది, రన్‌వే మూసేశారు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు రోజుకు వందల్లో రద్దయినప్పుడు మన దేవనహళ్లిలో జనం నేలమీదే పడుకున్నారు. చెన్నై, విశాఖ నుంచి ఓడ ఎక్కాలనుకునేవాళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలమని గుర్తుంచుకోండి. వాతావరణ శాఖ హెచ్చరికలను ప్రయాణానికి వారం ముందు నుంచే చూస్తూ ఉండండి.

ఇంకో ప్రమాదం టికెట్ మీదే రాసి ఉంటుంది, కానీ కంటపడదు. ముంబైకి ఇప్పుడు రెండు విమానాశ్రయాలు. 2025 డిసెంబరు 25 నుంచి నవీ ముంబైలోనూ విమానాలు ఎగురుతున్నాయి. గోవాకూ రెండు. మర్ముగోవా రేవు నుంచి దాబోలిం విమానాశ్రయం నాలుగడుగుల్లో ఉంటుంది. 2023 జనవరి నుంచి నడుస్తున్న మోపా విమానాశ్రయం మాత్రం ఉత్తర గోవా అంచున, మహారాష్ట్ర పొలిమేరలో ఉంది. ‘గోవా’ అని చూసి చవగ్గా ఉందని బుక్ చేస్తారు. వాస్కోలో ఓడ దిగాక తెలుస్తుంది, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాలని. ఊరి పేరు కాదు, విమానాశ్రయం పేరు చూడండి. తారీఖు కూడా. రాత్రి 12:30 విమానం 14వ తేదీ అని ఉంటే 13వ తేదీ రాత్రే ఇల్లు కదలాలి. చదువుకున్నవాళ్లే ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడ.

ఇక లగేజీ. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

చివరి రాత్రి భోజనాలయ్యాక పెట్టెలకు ట్యాగులు కట్టి, పది పదకొండు లోపల క్యాబిన్ తలుపు బయట పెట్టమంటారు. సిబ్బంది వచ్చి తీసుకుపోతారు. మళ్లీ ఆ పెట్టె మీ కంటపడేది మర్నాడు టెర్మినల్ హాల్లోనే. వరండా పొడవునా పెట్టెలు బారులు తీరి ఉంటాయి. పక్కింటివాళ్లు పెట్టేశారే అని మనకూ తొందర. ఆ తొందరలో మర్నాటి బట్టలు, చెప్పులు, దువ్వెన అన్నీ లోపలికి పోతాయి. నైట్ డ్రెస్సుతో టిఫిన్‌కు వచ్చినవాళ్లను చూసి నవ్వుకోవచ్చు. నాన్నగారి బీపీ మాత్రలు, అమ్మ ఇన్సులిన్ ఆ పెట్టెలో వెళ్లిపోతే మాత్రం నవ్వుకోలేం. ఇన్సులిన్‌ను విమానం కింది అరలో వేసే బ్యాగులో కూడా పెట్టకండి, గడ్డకడితే పనికిరాదు.

అందుకని చివరి రోజు మధ్యాహ్నమే, ఎవరూ తొందరపెట్టకముందే, ఒక చేతిసంచి విడిగా సర్దండి. పాస్‌పోర్టులు, ఆధార్, టికెట్లు, మందులు రెండు రోజులకు సరిపడా, కళ్లద్దాలు, నగలు, ఛార్జర్, పవర్ బ్యాంక్, ఒక జత బట్టలు. ఇంటి తాళం కూడా. పెట్టె ఎక్కడో ఆగిపోయి అర్ధరాత్రి యలహంక చేరితే తలుపు ఎలా తీస్తారు? పవర్ బ్యాంక్‌ను చెక్-ఇన్ బ్యాగులో ఎలాగూ ఒప్పుకోరు, స్కానర్లో కనబడితే పేరు పెట్టి వెనక్కి పిలుస్తారు. లక్షద్వీప్, కొచ్చి వైపు వెళ్లినవాళ్లు ఎండుకొబ్బరి కొనుక్కుంటారు. నూనె ఎక్కువ, అంటుకునే వస్తువు కాబట్టి మన విమానాల్లో దాన్ని రానివ్వరు. దారిలో కొన్న సీసాలను ఓడవాళ్లు దాచిపెట్టి చివరి రాత్రో మర్నాడు పొద్దునో ఇస్తారు. అప్పటికి పెట్టె వెళ్లిపోయి ఉంటుంది, సీసా చేతిలో మిగులుతుంది, సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలో పడుతుంది. టెర్మినల్‌లో పెట్టె దొరకగానే దాన్ని తెరిచి సీసా లోపల పెట్టేలా చోటు ఉంచుకోండి.

బరువు సంగతి కూడా. ఓడలో ఎవరూ తూకం వేయరు. దేశీయ విమానంలో మామూలు టికెట్‌కు 15 కిలోలే. చేతితో పట్టుకునే చిన్న తూకం కాటా ఒకటి వెంట ఉంచుకుంటే కౌంటర్ ముందు పెట్టెలు తెరిచి చీరలు అటూ ఇటూ మార్చే అవస్థ తప్పుతుంది. పెట్టెలు మీరే లాక్కుని దిగగలిగితే కొన్ని ఓడల్లో ముందుగానే వదులుతారు. కానీ డెబ్బై దాటిన పెద్దాయనతో రెండు పెట్టెలు లాగించకండి. మెట్లున్న నిచ్చెన మీద కాలు జారితే విమానం కాదు, ఆసుపత్రే.

పెద్దవాళ్లకు వీల్‌చైర్ కావాలంటే ఓడలో ఒకసారి, విమానానికి ఒకసారి, విడివిడిగా అడగాలి. విమానం బుకింగ్‌లో పెట్టాం కదా అనుకుంటే రేవులో ఎవరూ రారు.

సింగపూర్ వెళ్లేవాళ్లకు ఇంకా నాలుగు మాటలు. ఓడ ఎక్కితే సింగపూర్ దాటి వెళ్లినట్టే, తిరిగి వస్తే మళ్లీ ప్రవేశించినట్టే. అందుకే వీసా ఎన్ని ప్రవేశాలకు ఇచ్చారో చూసుకోండి. ఒక్క ప్రవేశానికే ఉంటే చివరి రోజు పెద్ద చిక్కు. అరైవల్ కార్డు విమానంలో దిగేటప్పుడు నింపాం కదా అని ఊరుకోకూడదు. ఓడ నుంచి వచ్చేటప్పుడు మళ్లీ నింపాలి, రాకకు మూడు రోజుల లోపల. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ మోసమని అర్థం. అక్కడ ఓడలు రెండు చోట్ల ఆగుతాయి, మెరీనా బేలో ఒకటి, హార్బర్‌ఫ్రంట్‌లో ఒకటి. ఎక్కినచోటే దిగుతామా అని బుక్ చేసిన రోజే అడగండి. కొన్ని ఓడల్లో ఎక్కేటప్పుడు పాస్‌పోర్టులు తీసుకుని చివర్లో ఇస్తారు. అవి చేతికొచ్చాక ప్రతి ఒక్కటీ తెరిచి ఫోటో చూడండి. కుటుంబంలో పది మంది ఉంటే తొమ్మిదే రావచ్చు. రాత్రి విమానమైతే సింగపూర్‌లో పెద్ద ఇబ్బంది లేదు, చాంగీలో సామాను దాచుకునే చోటుంది, పగలంతా తిరగొచ్చు.

మన ఊరి సంగతీ మరవకండి. బేసి సంవత్సరాల్లో ఫిబ్రవరిలో యలహంక వైమానిక స్థావరంలో ఏరో ఇండియా జరుగుతుంది. ఆ రోజుల్లో దేవనహళ్లి విమానాలను గంటల కొద్దీ ఆపుతారు. స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం దుకాణాలు మూసిన సంగతి మనకు బాగా గుర్తుంటుంది, విమానాలు ఆగే సంగతి మాత్రం టికెట్ బుక్ చేసేటప్పుడు గుర్తుకు రాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పొగమంచు ఉండనే ఉంది.

డబ్బు మాటకొద్దాం. రేవున్న ఊళ్లో ఒక రాత్రి గదికి అయ్యే ఖర్చు, నలుగురికి అప్పటికప్పుడు కొనే టికెట్ల ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి. విమానం తప్పితే సాధారణంగా పన్నులు, విమానాశ్రయ రుసుములే వెనక్కి వస్తాయి, టికెట్ సొమ్ము పోయినట్టే. రెండు విమానాలు మారాలంటే ఒకే పీఎన్‌ఆర్‌లో తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనందుకు రెండోవాళ్లు బాధ్యత వహించరు. ప్రయాణ బీమా ఉందంటారా? ఓడ ఆలస్యం అందులో ఉందో లేదో పాలసీ తెరిచి చదవండి, ఏజెంటు నోటిమాట చాలదు. ఆ రాత్రి అక్కడే ఉండిపోతే అన్నిటికన్నా మంచిది. సెలవు లేదంటే సాయంత్రం ఆరు తర్వాతి విమానం తీసుకోండి. అంతకు ముందుది వద్దు.

ఇప్పటికే ఉదయం విమానం బుక్ చేసినవాళ్లు ఈ రోజే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయండి. నెల ముందు మార్చుకునే రుసుము, ఆ పూట కొత్త టికెట్‌తో పోలిస్తే చాలా తక్కువ. మార్చడం కుదరకపోతే ఓడలో రెండో రోజే రిసెప్షన్‌కు వెళ్లి మీ విమానం టైము చెప్పి, మొదటి గుంపు ట్యాగులు అడిగి తీసుకోండి. బిల్లు ముందురాత్రే కట్టేయండి. వెబ్ చెక్-ఇన్ చేసి పెట్టండి. ఓడ ఆలస్యమవుతోందని తెలిసిన మరుక్షణం, మార్పులకు ఇచ్చిన గడువు దాటకముందే, ఎయిర్‌లైన్‌కు చెప్పి టికెట్ మార్పించండి. గడువు దాటాక చేస్తే రాలేదని రాసుకుంటారు, అప్పుడు మార్చడానికి ఏమీ మిగలదు. సముద్రం మీద ఫోన్ సిగ్నల్ ఉండదు. ఓడ వైఫై చివరి రోజుకు కూడా ఉండేలా చూసుకోండి, ఎయిర్‌లైన్ నంబరు కాగితం మీద రాసి ఆ చేతిసంచిలోనే పెట్టుకోండి.