అడగందే అమ్మయినా పెట్టదు

కొత్త మంత్రివర్గం ఏర్పడ్డప్పుడల్లా మా ఇంట్లో ఓ తంతు జరుగుతుంది. మావారు పేపరు ముందేసుకుని ఎవరికి ఏ శాఖ వచ్చిందో పైకి చదువుతారు. హోం, ఆర్థికం, రక్షణ అన్నప్పుడు గొంతులో బరువుంటుంది. సంస్కృతి, పర్యాటకం దగ్గరికొచ్చేసరికి “ఇహ ఇవి రిబ్బన్లు కత్తిరించే శాఖలు” అని పేజీ తిప్పేస్తారు. “ఆడవాళ్ళకివ్వడానికి బాగుంటాయిలే” అని మా మామయ్యగారు ఓ మాట కలుపుతారు.

వంటింట్లోంచి ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒకావిడ గుర్తొస్తుంది. గ్రీసు దేశస్థురాలు. పేరు మెలీనా మెర్కూరి.

1920లో ఏథెన్స్‌లో పుట్టిందావిడ. తాతగారు ఆ ఊరికి చాలాకాలం మేయరు, తండ్రి పార్లమెంటు సభ్యుడు. అయినా ఆవిడ నాటకాలు, సినిమాలు ఎంచుకుంది. ‘నెవర్ ఆన్ సండే’లో వేశ్య పాత్ర వేసి 1960లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి అందుకుంది. 1967లో గ్రీసులో సైనికాధికారులు అధికారం లాక్కున్నారు. ఆవిడ అప్పుడు న్యూయార్కులో నాటకం ఆడుతోంది. నోరు మూసుకునుంటే ఆస్తీ, హాయీ రెండూ దక్కేవి. మూసుకోలేదు. దాంతో ఆవిడ పౌరసత్వం రద్దు చేశారు, ఆస్తి స్వాధీనం చేసుకున్నారు. గ్రీకుగా పుట్టాను, గ్రీకుగానే పోతానని తెగేసి చెప్పి, 1974లో ఆ ప్రభుత్వం కూలేదాకా దేశాలు తిరిగి దానికి వ్యతిరేకంగా మాట్లాడుతూనే ఉంది.

తిరిగొచ్చి ఎన్నికల్లో నిలబడింది. మొదటిసారి ఓడింది. 1977లో పిరయస్ నుంచి గెలిచింది. 1981లో ఆవిడ పార్టీ అధికారంలోకి వస్తే సంస్కృతి శాఖ ఇచ్చారు. ఆ శాఖకి ఆవిడే మొదటి మహిళా మంత్రి. సినిమా మనిషికి ఇంతకంటే ఏమిస్తారు అనుకున్నవాళ్ళు అక్కడా ఉండే ఉంటారు!

ఆ చిన్న శాఖతో ఆవిడ ఏం చేసిందో చూడండి. నాటకం రాజధానికే పరిమితం కాకూడదని ఊళ్ళలో మునిసిపల్ నాటక సంస్థలు పెట్టించింది. ఏటా ఐరోపాలో ఒక ఊరిని సాంస్కృతిక నగరంగా ప్రకటించాలని పట్టుబట్టి ఒప్పించింది. 1985లో ఆ గౌరవం మొదట దక్కింది ఏథెన్స్‌కే. ఆ పద్ధతి ఈనాటికీ సాగుతోంది.

అన్నిటికంటే పెద్దది, పార్థినాన్ శిల్పాల సంగతి. దాదాపు రెండువేల అయిదువందల ఏళ్ళ నాటి ఆ గుడి శిల్పాల్లో సగం దాకా ఎల్గిన్ అనే స్కాట్లాండు ప్రభువు 19వ శతాబ్దం మొదట్లో ఊడదీయించి పట్టుకుపోయాడు. 1816లో వాటిని బ్రిటిష్ ప్రభుత్వం 35,000 పౌన్లకి కొని మ్యూజియంలో పెట్టింది. 1982లో మెక్సికోలో యునెస్కో సభలో మెలీనా లేచి, మా శిల్పాలు మాకివ్వండని అడిగింది. మరుసటేడు గ్రీసు ప్రభుత్వం అధికారికంగా అడిగింది. మీకు వాటిని భద్రంగా పెట్టుకునే చోటేదీ అన్నారు. అయితే కడతామందావిడ.

పోరాటం ముగియకుండానే 1994లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయింది. అప్పుడూ మంత్రే. ఆవిడ కలగన్న మ్యూజియం 2009లో తెరిచారు. లండన్‌లో ఉన్నవాటి చోట ప్లాస్టరు నకళ్ళు పెట్టారు. చూడ్డానికొచ్చిన ప్రతి యాత్రికుడికీ ఏది మిగిలిందో, ఏది పోయిందో చెప్పకనే తెలుస్తుంది. 2023లో వాటికన్ తన దగ్గరున్న మూడు ముక్కలు తిరిగిచ్చింది. లండన్ మాత్రం ఇవ్వలేదు.

“మరి ఆవిడ సాధించిందేమిటి?” అన్నారు మావారు. నేను జవాబు వెతుక్కోలేదు. అమరావతి గుర్తుచేశాను.

ఓ సెలవుల్లో పిల్లల్ని అమరావతి తీసుకెళ్ళాం. మహాచైత్యం ఉన్నచోట గుండ్రటి దిబ్బ, కొన్ని రాళ్ళు. మా అమ్మాయి చుట్టూ చూసి “బొమ్మలేవమ్మా?” అంది. పక్కనున్న మ్యూజియంలో కొన్ని, చెన్నైలో చాలా ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసు చేర్చిన వాటిలో ఎన్నో 1859లో ఓడెక్కాయి. నూరు పైచిలుకు శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. అంటే పార్థినాన్ రాళ్ళూ, మన కృష్ణ ఒడ్డు రాళ్ళూ ఒకే కప్పు కింద!

వాళ్ళు పట్టుకుపోబట్టే మిగిలాయి, మనవాళ్ళు సున్నం కాల్చుకునేవాళ్ళు అనేవాళ్ళున్నారు. నిజమే, కాల్చిన మాట అబద్ధం కాదు. కానీ మన గిన్నె పక్కింటావిడ భద్రంగా దాచిందని ఆ గిన్నె ఆవిడదైపోతుందా? కాకపోతే అడిగేముందు మన అలమరా మనం సర్దుకోవాలి. మ్యూజియం తలుపు తీసుండాలి, దీపం వెలగాలి, చెప్పేవాళ్ళుండాలి. మెలీనా దగ్గర నేర్చుకోవలసింది ఈ రెండూనూ. గట్టిగా అడగడం, చోటు సిద్ధం చెయ్యడం.

ఈ పని ఆర్థికమంత్రి చెయ్యడు. రక్షణమంత్రి చెయ్యడు. రిబ్బన్లు కత్తిరించే శాఖే చెయ్యాలి. ఆ కుర్చీలో ఆడవాళ్ళు కూర్చుంటే మరీ మంచిది. ఇంట్లోంచి చెంచా పోయినా ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అడిగేది మనమే కదా!

ఇంతకీ ఆ రోజు దిబ్బ దగ్గర మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. “మనవేగా, అడగొచ్చుగా?”

ఈసారి మంత్రుల జాబితా వచ్చినప్పుడు పేజీ తిప్పనివ్వకుండా, ఆ శాఖ ఎవరికిచ్చారో నేనే పైకి చదవాలనుకుంటున్నాను.