కరెంటు ఉచితమే, దారి ఖర్చే మోయలేకపోతున్నాం

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారి సమక్షానికి,

పలాస, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం మండలాల క్యాన్సర్ రోగులు, వారి ఇంటివాళ్లు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: వైద్యానికి విశాఖపట్నం వెళ్లివచ్చే క్యాన్సర్ రోగులకు, వెంట వెళ్లేవారికి దారి ఖర్చుల సాయం గురించి.

ఆర్యా,

ఈ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లలో సగం మంది ఈ రోజు మీ ముందుకు రాలేకపోయారు. మీరు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ సోమవారం. కరెంటు కూడా సోమవారం నుంచే. రేడియేషన్‌ని మా ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, ఐదారు వారాల పాటు పెట్టించుకోవాలి. మిషన్ కింద పడుకోబెట్టేది పది, పదిహేను నిమిషాలు. దానికోసం ఇచ్ఛాపురం మనిషి విశాఖలో క్యాన్సర్ ఆస్పత్రి ఉన్న అగనంపూడి వెళ్లి రావాలంటే రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. రోజూ తిరగడం ఆరోగ్యవంతుడి వల్ల కూడా కాదు. అందుకని వారమంతా అక్కడే ఎక్కడో తల దాచుకుని, శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరి, ఆదివారం రాత్రి మళ్లీ బయల్దేరుతున్నాం.

వైద్యానికి మమ్మల్ని ఎవరూ డబ్బు అడగడం లేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం వల్లే ఆపరేషన్లూ కీమోలూ మాలాంటి వాళ్లకు అందాయి. మా బాధ ఆస్పత్రి గేటుకు ఇవతల మొదలవుతుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాం. పేరు రాయవద్దన్నారు. ఆ తల్లి నలభై ఏళ్లు అడ్డచుట్ట కాల్చింది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మన తీరం ఊళ్లలో ఆడవాళ్లకు ఈ అలవాటు ఉందనీ, అంగిట్లో క్యాన్సర్‌కి అదే కారణమనీ డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. కోడలు జీడి బట్టీలో పిక్కలు కొట్టే పనికి పోతుంది. కొడుకు అదే బట్టీలో బస్తాలు మోస్తాడు. అమ్మకు కరెంటు మొదలైన రోజు నుంచి అతను పాల పద్దు పుస్తకం వెనక పేజీల్లో లెక్క రాసుకున్నాడు. ఆ పుస్తకం మేం చూశాం. ఊరి నుంచి పలాస స్టేషన్‌కి రాత్రిపూట ఆటో. రైలు టిక్కెట్లు. అగనంపూడికి దగ్గరి స్టేషన్ దువ్వాడలో దిగాక మళ్లీ ఆటో, ఆ చీకట్లో అతను అడిగినంతా ఇవ్వాల్సిందే. గది అద్దె. గ్యాస్ స్టవ్ అద్దె, ఎందుకంటే నోరంతా పూసిన మనిషి హోటల్ అన్నం తినలేదు, రాగిజావ పల్చగా కాచి సీసాలో పోసి ఇవ్వాలి. ఒక పేజీలో “స్ట్రా 10” అని కూడా ఉంది. పోయిన కూలి మాత్రం అతను ఎక్కడా రాయలేదు. అది ఖర్చని అతనికి తోచలేదు కాబోలు.

పద్దెనిమిదో కరెంటు దగ్గర లెక్క ఆగిపోయింది. తల్లే ఆపించింది. “నాకు తగ్గిపోనాదిరా, ఇంక తిప్పకు” అందట. కొడుకు చెవిపోగులు తాకట్టు పెట్టిన సంగతి ఆమెకు అంతకుముందు రోజే తెలిసింది. కరెంటు మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. మూడు నెలలకు పుండు తిరగబెట్టింది. రోగి మధ్యలో మానేసింది అని కేస్ షీట్‌లో రాస్తారు. ఎందుకు మానేసిందో రాసే గడి అందులో ఉండదు.

అందుకే మా మొదటి విన్నపం ఎన్టీఆర్ వైద్య సేవ గురించే. ఆరోగ్యశ్రీ తొలినాళ్ల నుంచీ ప్యాకేజీలో రోగి భోజనంతో పాటు ఒకసారి దారి ఖర్చు కూడా కలిసి ఉంది. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోయేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. ఇరవై ఐదు, ముప్ఫై సార్లు కరెంటుకి పోవాల్సినవాళ్లకూ, మూడు వారాలకోసారి కీమోకి పోవాల్సినవాళ్లకూ ఒకసారి దారి ఖర్చు ఏ మూలకు? ఎన్ని సిటింగులు రాశారో అన్నిటికీ, రోగికీ తోడు మనిషికీ ఛార్జీలు కట్టి, ప్రతి వారం ముందుగానే బ్యాంకు ఖాతాలో వేయాలి. బిల్లులు తెచ్చి చూపిస్తే తర్వాత ఇస్తామంటే కుదరదు. ఆటోవాళ్లు బిల్లులివ్వరు, అప్పిచ్చినవాళ్లు ఆగరు.

వైద్యంతో పాటు ఇలాంటి సాయం చేయడం ప్రభుత్వానికి కొత్త సంగతేం కాదు. బాలింతను ఇంటి గుమ్మం దాకా దింపడానికి తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ పెట్టింది. కిడ్నీ జబ్బుల మన ఉద్దానంలో డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచింది. ఒకప్పుడు విశాఖ దాకా పోయి పడిగాపులు పడ్డ కిడ్నీ రోగుల బాధ మా కళ్లతో చూశాం, వాళ్లలో మా చుట్టాలూ ఉన్నారు. వాళ్ల ఊళ్లకు దగ్గరగా డయాలసిస్ వచ్చాక ఏం మారిందో కూడా చూశాం. క్యాన్సర్ రోగికి కీమో, కరెంటు నడిచినన్నాళ్లయినా అలాంటి నెలసరి భృతి ఇప్పించేలా ప్రభుత్వానికి సిఫార్సు చేయాలని కోరుతున్నాం.

ఇక బస్సులు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మా ఆడవాళ్లకు అది పెద్ద ఆసరా. అయితే నాన్‌స్టాప్‌లో, సూపర్ లగ్జరీలో అది చెల్లదు. మగ రోగికి ఏ బస్సులోనూ ఉచితం లేదు, తల్లి వెంట వెళ్లే కొడుకుకీ లేదు. కీమో ఎక్కించాక వారం, రెండు వారాలు ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు ఎవరి దగ్గు తగిలినా జ్వరమే, జ్వరమొస్తే మళ్లీ ఆస్పత్రే. జనంలో నలగవద్దని డాక్టర్లు చెప్పి పంపుతారు. ఉచితం కదా అని కిక్కిరిసిన బస్సు ఎక్కితే డాక్టరు మాట తప్పినట్టు, సీటున్న బస్సు ఎక్కితే జేబు ఖాళీ. హర్యానాలో క్యాన్సర్ రోగికి రాష్ట్ర రోడ్డు రవాణా బస్సుల్లో ప్రయాణం ఉచితం. మన ఆర్టీసీ ఉద్యోగులు 2020 నుంచి ప్రభుత్వంలోనే ఉన్నారు. కాబట్టి ఆస్పత్రి కార్డు చూపిస్తే ఆడా మగా తేడా లేకుండా రోగికీ, తోడు ఒకరికీ, సీటు దొరికే ఏ సర్వీసులోనైనా పాసు ఇప్పించాలి.

రైలు సంగతి వేరు. అక్కడ రాయితీ ఉంది, మావాళ్లకు తెలియదు. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. కరోనాలో చాలా రాయితీలు ఎత్తేసినప్పుడు కూడా రోగులవి ఉంచారు. కానీ దానికి డాక్టరు సంతకం, ఆస్పత్రి ముద్ర ఉన్న ఫారం కావాలి, కౌంటర్ దగ్గరికే పోవాలి. ఆ ఫారం ఇస్తారని మాలో చాలామందికి మూడో కీమో అయ్యాక, పక్క మంచం వాళ్లు చెబితే తెలిసింది. ఒక కౌంటర్‌లో అయితే “మనిషి బాగానే నడుస్తున్నాడు కదా” అని ఫారం తిరిగి ఇచ్చేశారు. రైల్వే మీ కింద లేదని మాకు తెలుసు. మీరు ఒక్క ఉత్తరం రాస్తే చాలు. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లలో ఈ రాయితీ వివరం తెలుగులో బోర్డు మీద రాయించాలి. వైద్యం మొదలుపెట్టిన రోజునే రోగి చేతికి ఫారాలు అందేలా, మొదటి కార్డుతో పాటే ఇచ్చేలా ఆస్పత్రులకు చెప్పాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

పూర్తిగా మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఆదివారం రాత్రి ఇచ్ఛాపురంలో బయల్దేరి, సోంపేట, పలాస మీదుగా విశాఖలోని క్యాన్సర్ ఆస్పత్రుల దాకా ఒక బస్సు. శుక్రవారం సాయంత్రం అదే బస్సు వెనక్కి. పడుకునే వీలున్న సీట్లు నాలుగు, వాంతికి సంచులు, మంచినీళ్లు ఉంటే చాలు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల నుంచి దీన్ని నడిపించవచ్చు. అక్కడ వారమంతా ఉండేందుకు వంటగది ఉన్న వసతి గదులు కొన్ని ఇప్పించగలిగితే పాల పద్దు పుస్తకంలో సగం లెక్క తగ్గిపోతుంది.

జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. సెలైన్‌లో పెట్టి ఎక్కించే మామూలు కీమోలకు అంత దూరం పోనక్కర్లేకుండా, అలాంటి పడకలు కొన్ని పలాసలో కూడా ఉండేలా చూడండి. కరెంటుకి ఎలాగూ విశాఖ పోతూనే ఉన్నాం.

ఈ విన్నపాలపై తీసుకున్న చర్యలు మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థన. జవాబు చెప్పడానికి పిలవాలనుకుంటే దయచేసి శనివారం పిలవండి. ఆ రోజు అందరం ఊళ్లోనే ఉంటాం.

ఇట్లు,
తమ విధేయులు,
పై ఐదు మండలాల రోగులు, కుటుంబీకులు

జతపరచినవి: సంతకాలు, వేలిముద్రల కాగితాలు, కొందరి ఆస్పత్రి కార్డుల నకళ్లు, కౌంటర్‌లో తిరిగి ఇచ్చేసిన రాయితీ ఫారం ఒకటి, పాల పద్దు పుస్తకంలోని నాలుగు పేజీల జిరాక్సు.