పెద్ద టర్బోనా.. హైబ్రిడ్ టర్బోనా?

డిచ్‌పల్లి మీదుగా పోయే 44వ నంబరు హైవే ఎక్కితే, పోలో జీటీ టీఎస్‌ఐ ఉన్న ఎవరికైనా ఒకటే ఆలోచన.. ‘టర్బో మారిస్తే ఎట్లుంటది?’

పెద్ద టర్బో: పవర్ గట్టిగా పెరుగుతుంది. కానీ లోపలి చక్రాలు బరువు. వేగం అందుకునేదాకా బండి బద్ధకంగానే ఉంటుంది. నిజామాబాద్ ట్రాఫిక్‌లో విసుగు ఖాయం. బాల్ బేరింగ్ రకమైతే కాస్త త్వరగా తిరుగుతుంది, ధరా ఎక్కువే.

హైబ్రిడ్ టర్బో: బయటి భాగం కంపెనీదే, లోపలి చక్రాలు కొంచెం పెద్దవి. పవర్ ఓ మోస్తరుగా పెరుగుతుంది, ఆలస్యం తక్కువ. రెండిట్లో ఇదే నయం.

అయితే అసలు లెక్క గేర్‌బాక్స్‌ది. 1.2 లీటర్ల ఆ ఇంజిన్ టార్క్ 175 ఎన్‌ఎం. ఏడు గేర్ల డీఎస్‌జీ పరిమితి 250. పెద్ద టర్బో ఆ గీత దాటిందంటే ముందు క్లచ్‌లకే ఎసరు!

ఇంకో మాట. కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అందుకే టర్బో సరదా ట్రాక్ కారుకే ఉంచండి. రోడ్డు బండికైతే ఆ డబ్బు మంచి టైర్లకు, బ్రేకులకు పెట్టండి బ్రో!